పెరట్లో గది: ముందు పని, తర్వాతే పునాది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెరట్లో చిన్న గది కట్టడాన్ని కూడా ఆ వరసలో చేర్చుకోవచ్చు. ‘నాకంటూ ఓ గది ఉంటేనా, ఎంత బాగా చదువుకునేవాణ్నో’, ‘ప్రశాంతంగా కూర్చునే చోటు దొరికితే ఈపాటికి ఆ నవల రాసేసేదాన్ని’ అనని వాళ్లు తక్కువ. కొంతమంది అనడంతో ఆగరు. బోనస్ వచ్చిందనో, రిటైర్మెంటు డబ్బు చేతికందిందనో మేస్త్రీని పిలుస్తారు. గది లేస్తుంది. గుమ్మానికి మామిడాకులు కడతారు. ఏడాది తిరిగాక వెళ్లి చూడండి. పాడైన కూలర్, పట్టె విరిగిన మంచం, బొమ్మల కొలువు పెట్టె, గాలి దిగిపోయిన సైకిలు!

తప్పు గదిది కాదు. దానికి ఎవరూ పని అప్పజెప్పలేదు. పని లేని గదిని సామాను ఆక్రమిస్తుంది, అంతే. ఉన్న అలవాటుకు గది నీడనిస్తుంది గానీ, లేని అలవాటును పుట్టించలేదు. అందుకే సిమెంటు బస్తాలు దింపించేలోపు మీరు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిని తేల్చుకునే క్రమంలో గది సంగతి ఎలా ఉన్నా, మీ సంగతి మీకు బాగా తెలిసొస్తుంది.

ఒక్క వాక్యంలో చెప్పండి

ఒక కాగితం తీసుకుని ఇలా రాయండి: ‘ఈ గదిలో నేను రోజూ ఫలానా వేళకు ఫలానా పని చేస్తాను.’ ఖాళీలు పూరించగలిగారా? అయితే సగం ప్లాను గీసినట్టే. ‘ధ్యానానికీ, వ్యాయామానికీ, ఆఫీసు పనికీ, చుట్టాలొస్తే పడుకోడానికీ’ అని రాశారా? మళ్లీ మొదలుపెట్టండి. అన్నిటికీ పనికొస్తుందనుకున్న గది చివరికి సామాన్ల గదిగానే పనికొస్తుంది.

పని తేలితే గది రూపం దానంతటదే తేలుతుంది. పిల్లలకు ట్యూషన్ చెబుతారా? గేటు నుంచి నేరుగా గదికి దారి ఉండాలి, లేదంటే రోజూ సాయంత్రం పదిహేను జతల చెప్పులు మీ హాలు గుమ్మంలోనే ఉంటాయి. బట్టలు కుడతారా? మిషన్ మీద సూది మీకు ఎడమవైపు ఉంటుంది కాబట్టి కిటికీ కూడా ఎడమవైపుంటేనే మేలు. గుడ్డ కత్తిరించే బల్ల నడుమెత్తు ఉండి, చుట్టూ తిరిగే చోటుండాలి. వీణో మృదంగమో సాధన చేస్తారా? పక్కింటివాళ్ల పడకగది కిటికీకి దూరంగా జరగండి. ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తారా? ఇన్వర్టర్ లైను, ఇంటర్నెట్ కేబులు గోడలకు పూత పడకముందే రావాలి. చదువుకోవడమొక్కటే పనైతే మీకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచి వెలుతురు, మంచి కుర్చీ చాలు.

ముగ్గు పోసి కూర్చోండి

పునాది తవ్వే ముందు మేస్త్రీలు నేల మీద ముగ్గు పోస్తారు. ఆ పని మీరు నెల ముందే చేయండి. నాలుగు మేకులు పాతి, తాడు కట్టి, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవుతో గీత గీయండి. తలుపు వచ్చేచోట గీత వదిలేయండి. ఇంట్లో ఉన్న బల్లా కుర్చీ తెచ్చి లోపల వేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. బల్ల వెడల్పు రెండడుగులు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి మూడడుగులు. ఎదుటి గోడకు అల్మరా ఒకటిన్నర అడుగు, దాని తలుపు తెరుచుకోవడానికి మరో ఒకటిన్నర. ఎనిమిదడుగులు అప్పుడే అయిపోయాయి! మిగిలిన రెండడుగుల్లోనే మీరు నడవాలి. కాగితం మీద విశాలంగా కనిపించిన గది నేల మీద ఎంతవుతుందో ఈ గీతల మధ్య నిలబడితేనే అర్థమవుతుంది. దివాన్ కూడా వేయిద్దామన్న ఆలోచన చాలామందికి ఇక్కడే పోతుంది.

పని అక్కడితో అయిపోలేదు. మీరు కాగితం మీద రాసుకున్న వేళకే వచ్చి, ఆ గీతల మధ్య పది రోజులు కూర్చోండి. తెల్లవారుజామున అనుకుంటే తెల్లవారుజామున, సాయంత్రమంటే సాయంత్రమే. నీడ ఎటు జరుగుతోంది, పక్కింటి బోరు మోటారు ఎప్పుడు మోగుతోంది, దోమలు ఏ వేళకు లేస్తున్నాయి, వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, అన్నీ రాసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పది రోజుల్లో మీరు ఎన్ని రోజులు వచ్చారో రాసుకోండి. సగం రోజులైనా రాలేకపోయారా? గోడలు లేచినా రారు. డబ్బు మిగిలిందని సంతోషించి, ముందు అలవాటు మీద పనిచేయండి.

ఎండతో పోట్లాడకండి

ఇంగ్లండులో నాటక రచయిత బెర్నార్డ్ షాకు ఆయట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలోని తన ఇంటి తోటలో ఓ చిన్న చెక్క గది ఉండేది. అది తిరిగే ఇరుసు మీద నిలబడి ఉంటుంది. సూర్యుడు ఎటు జరిగితే గదిని అటు తిప్పుకునేవాడు. ఆ చలి దేశంలో ఎండ అంత అపురూపం. మన దగ్గర లెక్క తారుమారు. మనం వెతుక్కోవాల్సింది నీడను.

హైదరాబాదులో మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే వేసవిలో మీ మొదటి శత్రువు పైకప్పు, రెండోది పడమటి గోడ. ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టండి, కళ్లు చెదరని నిలకడైన వెలుతురు వస్తుంది. గాలి ఆడాలంటే ఎదుటి గోడకు ఇంకో కిటికీ ఉండాలి. పడమటి గోడకు కిటికీ మానేసి, అవతల పందిరి వేసి ఓ తీగ పాకించండి. సొరో, బీరో, సన్నజాజో మీ ఇష్టం. కిటికీల మీద రెండడుగుల సజ్జ తప్పనిసరి. కిటికీ కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగులు దాటనివ్వకండి. దాటితే కూర్చున్నప్పుడు చెట్లకు బదులు గోడ కనిపిస్తుంది.

కప్పుకు ఉత్త ఇనుప రేకు వేస్తే ఏప్రిల్, మే నెలల్లో ఆ గది మీది కాదు. తప్పక వేయాల్సొస్తే మధ్యలో ఫోం నింపిన పఫ్ షీట్లు వేయించండి. స్లాబు అయితే పైన సున్నమో, తెల్లటి కూల్ రూఫ్ పెయింటో కొట్టించండి. ఎండను వెనక్కి కొట్టే తెల్ల కప్పు విలువ గుర్తించే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. గోడల విషయంలో లారీ బేకర్‌ను తలుచుకోవాలి. ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్టు. ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిని మన దేశంలో బాగా వ్యాప్తి చేశాడు. ఇటుకలు దాదాపు పావు వంతు ఆదా. లోపలి ఖాళీలో నిలిచిన గాలి వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు. మీ మేస్త్రీకి ఈ పద్ధతి కొత్తయితే ముందు నాలుగు వరసలు కట్టించి చూడండి.

పెరడు లేక మేడ మీద కట్టాలనుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పది అడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక్క అడుగు పొడవుకే దాదాపు నాలుగు వందల కిలోలు తూగుతుంది. కిటికీలూ తలుపూ తీసేసినా గది మొత్తానికి పదిహేను టన్నుల దాకా వస్తుంది. కింద దూలం ఉందో లేదో మేస్త్రీ కాలితో తట్టి చెబితే చాలదు, ఇంజినీరు చూసి చెప్పాలి. అలాగే సెట్‌బ్యాక్ స్థలంలో, అంటే నిబంధనల ప్రకారం ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట, గోడ లేపకండి. మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో ముందే అడగండి. నోటీసు గోడకు అంటించాక ఏ గదిలోనూ ప్రశాంతత ఉండదు.

పైసా పైసా రాయండి

అమెరికాలో 1845లో హెన్రీ డేవిడ్ థోరో అనే యువకుడు వాల్డెన్ చెరువు ఒడ్డున సొంత చేతులతో ఓ చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లు. మేకులకెంత, సున్నానికెంత, తలుపు గడియకెంత, ఆఖరికి సుద్దముక్కకు ఒక సెంటు అని కూడా పద్దు రాసి తన పుస్తకంలో అచ్చు వేశాడు. ఆ పద్దులో గొప్పలు లేవు, దాపరికమూ లేదు. మన వ్యక్తిత్వం బయటపడేది ఇలాంటి చిట్టాల్లోనే.

మన చిట్టాల్లో గోడలు, కప్పు, రంగులు ఉంటాయి. చిన్నవే జారిపోతాయి. కిటికీలకు దోమల జాలి. పునాదిలో చెదల మందు. వాననీరు, తేళ్లు లోపలికి రాకుండా నేలను అడుగున్నర ఎత్తు లేపడానికి మట్టి. ఇంటి నుంచి గదిదాకా భూమిలో వచ్చే కరెంటు తీగకు గొట్టం, ఎర్తింగు, షాకు తగలకుండా కాపాడే ఆర్‌సీసీబీ. వీటిని ‘తర్వాత చూద్దాం’ అనకండి. పూత అయ్యాక గోడ పగలగొట్టి తీగ లాగడం రెండింతల పని. అనుకున్న మొత్తంలో కొంత పక్కన పెట్టి, దాన్ని చివరిదాకా ముట్టనని మీకు మీరే మాటివ్వండి. తీరా డబ్బు చాలకపోతే గదిని రెండడుగులు తగ్గించండి గానీ ఎర్తింగు మానేయకండి.

లోపలికి రానిచ్చేదేమిటి?

పిల్లల కథల రచయిత రోల్డ్ డాల్ దశాబ్దాల పాటు తోటలోని చిన్న పాకలోనే రాశాడు. అందులో రాతబల్ల లేదు. పాత చేతుల కుర్చీ, ఒళ్లో పెట్టుకునేందుకు ఆకుపచ్చ గుడ్డ పరిచిన చెక్క పలక, చెక్కిన పెన్సిళ్లు, పసుపు కాగితాలు. ఆయన పనికి అవి చాలాయి. థోరో ఇంకో మెట్టు ముందుకెళ్లాడు. బల్ల మీద అలంకారానికి మూడు సున్నపురాళ్లు పెట్టుకుని, వాటికి రోజూ దుమ్ము దులపాల్సి వస్తోందని కిటికీలోంచి విసిరేశాడు.

మీరూ ఆ ప్రశ్నే అడగండి: ఈ వస్తువు నాకు పని చేస్తుందా, నా చేత చేయించుకుంటుందా? గచ్చుకు తాండూరు బండో, బేతంచెర్ల బండో చాలు. చల్లగా ఉంటుంది, తుడుచుకోవడం సులువు. పుస్తకాలకు గోడలో కడప బండల అరలు పెట్టించండి, అర చెదలకు లొంగదు. బల్ల రెండున్నర అడుగుల ఎత్తు, దాని పక్కనే చేతికందే చోట నాలుగు ప్లగ్గులు. ఒక ఫ్యాను, ఒక బల్లదీపం, తాగడానికి ఒక కూజా. టీవీకి పాయింటు పెట్టించకండి. పాయింటు ఉంటే ఏదో ఒక రోజు టీవీ వస్తుంది. సామాన్ల విషయంలో నియమం ఒకటి పెట్టుకోండి: లోపలికి కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి బయటికి. ‘కొన్నాళ్లు ఇక్కడ పెడతాం’ అని ఎవరైనా మొదటి అట్టపెట్టె తెచ్చిన రోజే నవ్వుతూ కాదనండి.

తలుపు వేసుకునే హక్కు

కాదనడం మన ఇళ్లలో తేలికేం కాదు. షా దానికో ఉపాయం చేశాడు. తన తోట గదికి ‘లండన్’ అని పేరు పెట్టాడు. ఎవరైనా వస్తే ‘దొరగారు లండన్‌లో ఉన్నారు’ అని ఇంట్లోవాళ్లు అబద్ధమాడకుండా చెప్పొచ్చు! మీకంత నాటకం అవసరం లేదు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ‘ఐదు నుంచి ఆరున్నర దాకా తలుపు వేసి ఉంటుంది, మరీ అవసరమైతేనే తట్టండి’ అని చెబితే చాలు. ముందుగా చెప్పిన మాటను ఇంటిల్లిపాదీ గౌరవిస్తారు. చెప్పకుండా తలుపు వేసుకుంటే అలిగారనుకుంటారు.

అదే సమయంలో ఇంకో మాట అడగండి. ఈ ఇంట్లో ఇప్పటిదాకా సొంతంగా ఓ మూల కూడా లేనిదెవరికి? చాలా ఇళ్లలో జవాబు అమ్మే, కాకపోతే అత్తగారే. వంటిల్లు ఆమె రాజ్యమంటారు గానీ, అక్కడ తలుపు వేసుకుని అరగంట కూర్చునే వీలు ఆమెకుందా? కాబట్టి ఆ కాగితం ఆమెకూ ఇవ్వండి. ఆమె వాక్యం మీ వాక్యం కన్నా సూటిగా ఉంటే గది మొదటి వాటా ఆమెదే. ఉదయం ఆమెకు, రాత్రి మీకు అని పంచుకున్నా గదికి గౌరవమే.

మండలం రోజులు

గృహప్రవేశం అయిందా? ఇప్పుడు అసలు పరీక్ష. ఆరంభ శూరత్వం మనకు కొత్త కాదు. మొదటి వారం నాలుగేసి గంటలు కూర్చుని, రెండో వారం తాళం వేసేవాళ్లే ఎక్కువ. మీరు రోజుకు అరగంటే పెట్టుకోండి. మండలం, అంటే నలభై రోజులు, వేళ తప్పకండి. పని సాగని రోజున కూడా వెళ్లి కూర్చోండి. గోడకు ఓ క్యాలెండరు తగిలించి, కూర్చున్న రోజుకు టిక్కు పెట్టండి. నలభై రోజుల తర్వాత ఆ కాగితమే మీ గది దండగో దండి పెట్టుబడో చెబుతుంది.

పెరడూ లేదు, మేడా లేదు, అపార్టుమెంటులో ఉంటున్నామంటారా? బాల్కనీలో నాలుగడుగుల చోటు చూసి సుద్దముక్కతో గీత గీయండి. ఓ కుర్చీ, ఓ స్టూలు, వెదురు చిక్ తెర ఒకటి. నియమాలన్నీ అవే. ఈ ఆదివారం మేస్త్రీకి ఫోన్ చేయకండి. ముందు కాగితం తీసి ఆ ఒక్క వాక్యం రాయండి, సోమవారం ఆ వేళకు గీతల మధ్యకు వచ్చి కూర్చోండి.