కాగితపు పూలు – బూగన్‌విలియా: ఒక తీగకు రెండు పేర్లు

మారిషస్ దీవిలో ఇండ్ల ప్రహరీల మీదను, దేవాలయముల కంచెల వెంటను ఎర్రగా, ఊదాగా విరగబూయు ముండ్ల తీగను ఎరుగనివారుండరు. దానిని తెలుగువారు కాగితపు పూలందురు. ఫ్రెంచివారు బూగన్‌విలియా అందురు. ఈ పేర్లు రెండును రెండు విధములుగా పుట్టినవి.

తెలుగు పేరు చూచి, తాకి పెట్టిన పేరు. రంగుగా కనబడునవి నిజమునకు పూరేకులు కావు; పూవును చుట్టియుండు ఆకులు. మూడేసి రంగుటాకుల నడుమ సన్నని గొట్టమువలె తెల్లగా నుండునదియే అసలు పూవు. పిల్లలు ఒక గుత్తిని కోసి చూచినచో ఈ సంగతి వెంటనే తెలియును. ఆ ఆకులు పలుచగా, పొడిగా ఉండి, నలిపినచో కాగితమువలె చప్పుడు చేయును. ఈ తీగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా గనుక మన ప్రాచీన కావ్యములలో దీనిని వెదకుట వృథా.

రెండవ పేరు ఒక మనుష్యునిది. లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ అను ఫ్రెంచి నావికుడు 1766లో భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆ యాత్రలో ఫిలిబేర్ కొమ్మెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడుండెను. 1767లో బ్రెజిల్ దేశపు రియో ద జనీరో వద్ద ఈ తీగ లభింపగా, అతడు దానికి తన నాయకుని పేరు పెట్టెను. 1789లో జుస్సియూ అను పండితుడు ఆ పేరును గ్రంథమున ప్రకటించెను. అందు అక్షరములు కొంత మారిపోయినవి. చాలకాలమునకు గాని అవి సరికాలేదు.

కొమ్మెర్సన్‌కు సహాయకుడుగా మొక్కల కట్టలు మోసినది పురుషవేషము దాల్చిన స్త్రీ. ఆమె పేరు జాన్ బారే. నాడు ఫ్రెంచి నౌకాదళపు ఓడలపై స్త్రీలకు ప్రవేశము లేదు. కొమ్మెర్సన్‌కు కాలినొప్పి ఉండుటచే ఈ తీగను కోసి తెచ్చినది ఆమెయే కావచ్చునని కొందరు తలంతురు.

వారిరువురును 1768లో ఓడ దిగి నిలిచిపోయినది ఈ మారిషస్ దీవిలోనే. నాడు దీనిపేరు ఈల్ ద ఫ్రాన్స్. కొమ్మెర్సన్ 1773లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆమె మరుసటి యేడు పోర్ట్ లూయీలో వివాహమాడి, పిదప ఫ్రాన్సు చేరెను. భూమిని చుట్టివచ్చిన స్త్రీలలో మనకు తెలిసినంతలో ఆమెయే మొదటిది.

కొమ్మెర్సన్ ఆమె పేరును ఒక మొక్కకు పెట్టియుండెను గాని, అది శాస్త్రమున నిలువలేదు. 2012లో మాత్రము, మన వంగకు చుట్టమైన ఒక దక్షిణ అమెరికా మొక్కకు శాస్త్రజ్ఞులు సొలానమ్ బారెటియే అని ఆమె పేరిడిరి.