వివాహ వ్యయము - వివేకము

శృంగవరపుకోట ప్రాంతమున సంబంధము కుదిరినంతనే పెద్దలకు కలుగు ప్రశ్న: పెండ్లి ఇంటనా, పుణ్యగిరి శివసన్నిధినా, కల్యాణమండపముననా?

ఇంటి పందిరి బంధువులను చేరువ చేయును; శ్రమ హెచ్చు. కొండపై వ్యయము తక్కువ. ఎక్కుట వృద్ధులకు కష్టము. మండపమున సౌకర్యము కలదు. ఆడంబరము పెరిగినచో వధువు తండ్రికి మిగులునది అప్పే.

12వ శతాబ్దమున కల్యాణపురమందు హరళయ్య కుమారునకు, మధువరసు కుమార్తెకు జరిగిన వివాహమును శరణలోకము నేటికిని స్మరించుచున్నది. అది విందు వలన గాదు; కులభేదమును త్రోసిపుచ్చిన ధైర్యము వలన. ఆ తండ్రు లిరువురును అందులకు ప్రాణములే యొసగిరని సంప్రదాయము.

కాయకఫలమును పంచుట దాసోహము. అప్పు తెచ్చి వడ్డించునది దాసోహము కాజాలదు. కట్నము 1961 నాటి చట్టముచే నిషిద్ధము. కావున స్థలనిర్ణయమునకు ముందే ఉభయ కుటుంబములును కూర్చుండి, వ్యయమును శక్తికొలది పంచుకొనుట శ్రేయస్కరము.