అలీ ముందు టైసన్ ఎన్ని రౌండ్లు?
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా బావ మహమ్మద్ అలీ భక్తుడు. నేను టైసన్ పక్షం. ఇద్దరూ మంచి ఊపులో ఉన్న రోజుల్లో తలపడి ఉంటే ఎవరు గెలిచేవారని మొదలుపెడితే, అక్క వచ్చి కసిరేదాకా మా వాదన తెగదు. నేను చెప్పేది ఒక్కటే. 1981లో అలీని ఓడించినవాడు ట్రెవర్ బెర్బిక్. అదే బెర్బిక్‌ని 1986లో టైసన్ రెండో రౌండులోనే పడగొట్టాడు. ఇంకేం కావాలి? పందెం బిర్యానీ. తీర్పు మీరే చెప్పాలి.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఆ బెర్బిక్ లెక్క పక్కన పెట్టండి. అది మీ బావగారికి మీరు చేతులారా ఇచ్చే పాయింటు. బెర్బిక్‌తో దిగేనాటికి అలీకి నలభై నిండటానికి నెల తక్కువ. అదే ఆయన ఆఖరి పోరు. ఆ అలీని ఓడించినవాణ్ని ఓడించడంలో గొప్పేముంది?

ఇలాంటి వాదనలు తెగకపోవడానికి కారణం ఒకరు 1966 నాటి మనిషిని, ఇంకొకరు 1981 నాటి మనిషిని మనసులో పెట్టుకోవడమే. నేనైతే 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌ల్యాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో ముగించిన అలీని తీసుకుంటాను. టైసన్ అంటారా, 1988 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడుకోబెట్టిన టైసన్.

అలీ ఆరడుగుల మూడంగుళాలు, టైసన్ అయిదడుగుల పది. చేతులు బారచాపితే అలీవి 78 అంగుళాలు, టైసన్‌వి 71. అంటే లోపలికి దూరకపోతే టైసన్‌కి పనే లేదు. ఆ దూరడం కోసమే కోచ్ కస్ డమాటో అతనికి పీకాబూ పద్ధతి నేర్పాడు. గ్లవ్స్ రెండూ చెంపలకు ఆనించి, గడ్డం దించి, ఇటూ అటూ ఊగుతూ వస్తాడు. ఎదుటివాడి జాబ్ చెవి పక్కనుంచి పోతుంది. అదే ఊపులో కుడిచేత్తో డొక్కలో ఒక హుక్, వెంటనే ఆ చేత్తోనే గడ్డం కింద అప్పర్‌కట్. డొక్క కాచుకోవడానికి మోచెయ్యి దించినవాడు గడ్డం అప్పజెప్పినట్టే.

ఇక అలీకి ఒక అలవాటుంది. చేతులు కిందికి వేలాడేసి, దెబ్బ వస్తుంటే తల వెనక్కి లాగుతాడు. ఏ కోచ్ అయినా తిట్టే పని. తన వేగం మీద నమ్మకంతో చాలాసార్లు నెట్టుకొచ్చాడుగానీ, ఎడమచేతి హుక్ దగ్గర దొరికిపోయేవాడు. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ పడేసింది దాంతోనే. 1971లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేనో రౌండులో జో ఫ్రేజియర్ పడేసిందీ దాంతోనే. టైసన్ ఎడమ హుక్ ఆ ఇద్దరి హుక్ కన్నా చురుకు. కాబట్టి మొదటి నాలుగు రౌండ్లు మీ బావగారు గుండె చిక్కబట్టుకుని చూడాల్సిందే.

కానీ ఆ రెండుసార్లూ అలీ లేచాడు. అసలు మీరు చూడాల్సింది ఆ తర్వాతి రౌండ్లు. డమాటో మొదటి పెద్ద శిష్యుడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌దీ పీకాబూనే. 1965లో అలీ అతన్ని పన్నెండో రౌండు దాకా ఆడుకున్నాడు. ప్యాటర్సన్ వెన్నునొప్పితో ఉన్నాడు, టైసన్ అంత బలమూ లేదు, నిజమే. అయినా ఆ ఊగుడు అలీకి కొత్త కాదు. పైగా లోపలికి వచ్చినవాణ్ని మెడ వెనక చెయ్యేసి కిందికి అదిమి పట్టేయడంలో అలీ ఘనుడు. 1974లో ఫ్రేజియర్‌తో రెండోసారి తలపడ్డప్పుడు రాత్రంతా చేసింది అదే. నిబంధనల ప్రకారం తప్పు, రిఫరీ పట్టించుకోలేదు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ ఇలాగే టైసన్‌ని వాటేసుకుని పన్నెండు రౌండ్లు లాగించాడు. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది ఆ పోరు, కానీ టైసన్ విసుగు చూడాలంటే అదే చూడాలి. గెలిచాడుగానీ నాకౌట్ చేయలేకపోయాడు. పట్టుకోవడం తప్ప ఏమీ చేయని స్మిత్ దగ్గరే అలా అయితే, పట్టు వదలగానే జాబ్ కొట్టే అలీ దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓటమి గురించి బావగారు ఎత్తితే ఒప్పుకోకండి. అప్పటికి టైసన్ కోచ్ కెవిన్ రూనీని వదిలేసి ఏడాది దాటింది, సాధన అంతంతమాత్రం. అది 1988 టైసన్ కాదు.

నా తీర్పు: అయిదో రౌండు లోపు ముగిస్తే టైసన్. అది దాటితే అలీ. పదిహేను రౌండ్ల పోరయితే పన్నెండు దాటాక రిఫరీ ఆపేస్తాడు. పన్నెండే అయితే పాయింట్ల మీద అలీ. దాటుతుందనే నా నమ్మకం కనుక బిర్యానీ మీరే కొనాలి. 1989లో ఈ ఇద్దరూ ఒకే టీవీ షోలో కూర్చున్నప్పుడు టైసన్ కూడా అలీకే ఓటేశాడు. టైసన్ దెబ్బ తగిలితే తన పని అంతేనన్నట్టు అలీ కూడా అభినయించాడనుకోండి. కనీసం లెగ్ పీసులన్నా మీకు వదలమని బావగారితో చెప్పండి.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకండీ? వివరాలన్నీ కంప్యూటర్‌కి ఇస్తే అదే తేల్చదా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ సరదా ఎప్పుడో తీరిపోయింది. 1967లో ముర్రే వోరోనర్ అనే అమెరికా రేడియో నిర్మాత కంప్యూటర్ లెక్కలతో ఊహా పోటీలు నడిపాడు. పాతకాలపు జిమ్ జెఫ్రీస్ చేతిలో అలీ ఓడినట్టు వచ్చింది. అలీ కోర్టుకెక్కాడు. రాజీలో భాగంగా రాకీ మార్సియానోతో కలిసి రింగులో నటించాడు. మార్సియానో రిటైరై పదమూడేళ్లు. ఒళ్లు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీశారు. సినిమా 1970 జనవరిలో విడుదలయ్యేనాటికి మార్సియానో విమాన ప్రమాదంలో పోయి నెలలయింది. అమెరికాలో చూపిన దాంట్లో పదమూడో రౌండులో మార్సియానో గెలుపు. యూరప్‌లో చూపిన దాంట్లో అలీ గెలుపు.

ప్రశ్న: నిజామాబాద్‌లో మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటోంది. తన బరువు పిల్లల్లో తనే పొట్టి. టైసన్ వీడియోలు చూడమని కోచ్ అంటారు, అలీలా ఆడతానని తనంటుంది.
- ఒక తల్లి

జవాబు: నిఖత్ జరీన్ ఊరు కదా, మంచి కోచ్‌లే ఉంటారు, ఆయన మాట వినమనండి. చేతుల నిడివి లేనివాళ్లు దూరంగా నిలబడితే దెబ్బలు తినడమే మిగులుతుంది. పైగా అమెచ్యూర్ పోరు మూడేసి నిమిషాల మూడు రౌండ్లే, అలీలా ఎదుటివాళ్లు అలిసేదాకా ఆగే వ్యవధి లేదు. అయితే టైసన్ వీడియోల్లో చేతుల్ని కాదు, మోకాళ్లని చూడమనండి. వంగేది అక్కణ్నుంచే. నడుము వంచి తల దించితే చూపు నేల మీదికి పోతుంది, అప్పర్‌కట్ కనిపించదు. ప్రాక్టీసులో తనకన్నా పొడుగు అమ్మాయితో జత కట్టమని కోచ్‌ని అడగండి.