కొండ మీద గీత, ప్లాన్ మీద గీత

మౌంటెన్ బైక్ అంటే మనలో చాలామందికి గేర్లున్న లావు టైర్ల సైకిల్. ధర ఎంత, ఏ కంపెనీది, డిస్క్ బ్రేకులున్నాయా అని అడుగుతారు గానీ, "ఎక్కడ తొక్కుతావు?" అని ఎవరూ అడగరు. తారు రోడ్డు మీద తొక్కితే అది కాస్త బరువెక్కువైన మామూలు సైకిలే. దానికి కావాల్సింది కొండవాలు మీద రెండు మూడు అడుగుల వెడల్పున్న మట్టిబాట. ఆ బాటనే ట్రైల్ అంటారు.

మా ఊరి చివర ఒక గుట్ట ఉంది. మా బ్యాచ్‌లో ఆరుగురం రెండేళ్లుగా అక్కడే తొక్కుతున్నాం. అక్కడున్నవన్నీ మేకలు, కట్టెలకు పోయే ఆడవాళ్లు వేసిన బాటలు. ఈ ఏడాది మా ఊరి డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ బయటికొచ్చింది. మ్యాపులో గుట్ట కింది సగానికి పసుపు రంగు వేశారు. పసుపంటే నివాస ప్రాంతం, అంటే రేపో మాపో ప్లాట్లు. బాటలు మాత్రం మ్యాపులో ఒక్కటీ లేవు. తప్పు పట్టడానికీ లేదు, వాటి గురించి ఇంతవరకు ఎవరూ కాగితం మీద చెప్పలేదు.

అందుకే ఈ వ్యాసం. ఇందులో చెప్పదల్చుకున్నది ఒక్కటే. ట్రైల్‌ను సరదాగా అడిగితే రాదు. ప్లాన్‌లో ఒక గీతగా, నీళ్ల లెక్కతో, దాన్ని చూసుకునే మనుషులతో సహా అడిగితే వచ్చే అవకాశం ఉంది.

రెండు ఊళ్ల కథ

మొదటిది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ. 1976లో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ మీది మట్టిరోడ్డు దిగే పోటీ మొదలుపెట్టారు. దాని పేరు రీప్యాక్. దిగేటప్పుడు బ్రేకు వేసీ వేసీ వెనక హబ్బులో గ్రీజు మాడి పొగైపోయేది, ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ పేరు అలా వచ్చింది. ఈ ఆట పుట్టిల్లు అదేనంటారు. కానీ ఆ పుట్టింట్లోనే, తమాల్‌పైస్ కొండ మీద సన్నని బాటల్లో చాలావాటి మీదికి సైకిల్‌ను రానివ్వలేదు. వెడల్పాటి ఫైర్ రోడ్లతో సరిపెట్టుకోమన్నారు. నడిచేవాళ్లకు, గుర్రాల వాళ్లకు అప్పటికే సంఘాలున్నాయి, సమావేశాల్లో గొంతు ఉంది. సైకిల్ వాళ్లకు సరదా ఉంది గానీ సంఘం లేదు. చివరికి 1988లో కాలిఫోర్నియాలోని ఐదు క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. అదే ఇంబా. ఆ తర్వాత వాళ్లు చేసిన పెద్ద పని ఏమిటంటే, ట్రైల్ ఎలా కడితే కొండ చెడదో సూత్రాలుగా రాసిపెట్టడం.

రెండోది ఆస్ట్రేలియాలో, టాస్మానియా ద్వీపంలోని డెర్బీ. ఒకప్పుడు తగరం గనుల ఊరు. 1929లో గని డ్యామ్ తెగి పద్నాలుగు మంది చనిపోయారు. తర్వాత గనులూ మూతపడ్డాయి, ఊరు చిక్కిపోయింది. అక్కడి స్థానిక కౌన్సిళ్లు రెండు, డార్సెట్, బ్రేక్ ఓ డే, కలిసి మౌంటెన్ బైక్ ట్రైళ్లను ప్రాంతీయాభివృద్ధి ప్రాజెక్టుగా రాసి, పై ప్రభుత్వం నిధులు తెచ్చుకుని, ట్రైళ్లు కట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లతో కట్టించాయి. 2015లో తెరిచారు. 2017కల్లా ప్రపంచ ఎండ్యూరో సిరీస్‌లో ఒక రౌండ్ ఆ చిన్న ఊళ్లో జరిగింది.

మరిన్‌లో ఆట ముందు వచ్చింది, అనుమతి కోసం కొట్లాట తర్వాత వచ్చింది. డెర్బీలో ప్లాన్ ముందు, ఆట తర్వాత. మన గుట్టకు పోటీలూ అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. కానీ ఆ వరస మాత్రం నేర్చుకోవాలి.

మొదటి పాఠం: ట్రైల్‌కు శత్రువు నీరు

"సైకిళ్లు తొక్కితే కొండ కోసుకుపోతుంది" అన్నది మనం ఎక్కడికెళ్లినా ఎదురయ్యే మొదటి మాట. దానికి జవాబు ఎమోషన్‌తో కాదు, మన మూడో సెమిస్టర్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌తో చెప్పాలి.

మ్యానింగ్ సూత్రం గుర్తుందా? నీటి వేగం వాలు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. మిగతావన్నీ ఒకటే అనుకుంటే, 40 శాతం వాలు మీద పారే నీళ్లు 10 శాతం వాలు మీద పారేదానికి రెట్టింపు వేగంతో పోతాయి. గుట్ట పైనుంచి కిందికి నిటారుగా పడిన బాట నీళ్లకు కాలువే. నాలుగు వానలకు అది గండి అవుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మనం పక్కన తొక్కుతాం, బాట వెడల్పవుతుంది, ఇంకో గండి పడుతుంది. కోసింది నీళ్లు, దారి చూపించింది మాత్రం తప్పుగా పడిన బాట.

ఇంబా సూత్రాలు ఐదు. వాటిని మన భాషలో చెప్పుకుందాం.

1. సగం నియమం: బాట వాలు, ఆ చోట కొండ పక్కవాలులో సగానికి మించకూడదు. పక్కవాలు 16 శాతం ఉంటే బాట 8 శాతం లోపే. మించితే నీళ్లు బాటను అడ్డంగా దాటకుండా బాట వెంటే పారతాయి.

2. పది శాతం సగటు: మొత్తం ట్రైల్ సగటు వాలు పది శాతం లోపు ఉండాలి.

3. గరిష్ఠ వాలు: చిన్న ముక్కల్లో ఎంతవరకు నిటారుగా పోవచ్చన్నది మట్టిని బట్టి, వానను బట్టి, తొక్కేవాళ్ల సంఖ్యను బట్టి ముందే తేల్చుకోవాలి. రాతినేల ఓర్చుకున్నంత ఇసుకనేల ఓర్చుకోదు.

4. వాలు మళ్లింపు: దిగుతున్న బాట కొద్దికొద్ది దూరంలో ఓసారి పైకి లేచి మళ్లీ దిగాలి. ఆ పల్లం దగ్గర నీళ్లు బాట వదిలి పక్కకు పోతాయి. తొక్కేవాడికి అలలా సరదా, సివిల్ ఇంజనీర్‌కు డ్రైనేజి.

5. బయటి వాలు: బాట అడ్డంగా లోయ వైపు ఐదు శాతం వంగి ఉండాలి. మీటరు వెడల్పుకు ఐదు సెంటీమీటర్లు.

ఇప్పుడు లెక్క. గుట్ట ఎత్తు 60 మీటర్లు అనుకోండి. 40 శాతం వాలులో నేరుగా పోతే బాట పొడవు సుమారు 150 మీటర్లు. 8 శాతం సగటుతో కొండను చుడుతూ పోతే 750 మీటర్లు. అదే కొండ, అదే ఎత్తు, దారి మాత్రం ఐదింతలు. పిల్లలు తొక్కగలరు, వాన తట్టుకుంటుంది.

ఒక చిక్కు ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్‌లో కాంటూర్ల మధ్య ఎడం సాధారణంగా 20 మీటర్లు. 60 మీటర్ల గుట్ట అందులో మూడు గీతలు, అంతే. మూడు గీతల మీద ట్రైల్ గీయలేం. ఆటో లెవెల్ పట్టుకుని మనమే ఎక్కాలి. ఏటా సర్వే క్యాంపులో కాలేజీ గ్రౌండునే మళ్లీ మళ్లీ కొలుస్తున్నాం కదా, ఒక ఏడాది గుట్టను కొలిస్తే ఎవరికి నష్టం?

రెండో పాఠం: కొండ ఎవరిదో తెలియాలి

తప్పు ఆఫీసులో సరైన దరఖాస్తు ఇస్తే అది అక్కడే పడి ఉంటుంది. కాబట్టి ముందు భూమి ఏ ఖాతాలో ఉందో చూడాలి.

అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. విశాఖ పక్కనున్న కంబాలకొండ అలాంటిదే. అక్కడ మున్సిపాలిటీ చేతిలో ఏమీ ఉండదు, అడుగు పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ అవసరం కాని పనికి 1980 చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. నా సలహా ఏమిటంటే, ఈ రెండు చోట్లా కొత్త బాట అడగొద్దు. జంతువుల ఇల్లు మన ఆటస్థలం కానక్కర్లేదు.

గుట్ట దేవస్థానానిదైతే దేవాదాయశాఖను, ప్రభుత్వ భూమైతే రెవెన్యూను అడగాలి. గ్రామ, మండల రికార్డుల్లో సర్వే నంబరు దొరుకుతుంది. దొరక్కపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు ఉంది.

ఇక ప్లాన్ సంగతి. మాస్టర్ ప్లాన్ తుదిరూపం పొందే ముందు డ్రాఫ్ట్‌ను ప్రచురించి ప్రజల నుంచి అభ్యంతరాలు, సలహాలు పిలుస్తారు. నోటీసులో గడువు రాసి ఉంటుంది. మనవాళ్లు "అభ్యంతరాలు" అన్న మాట చూసి అది పొలం పోయేవాళ్లకే అనుకుంటారు. పక్కనే "సలహాలు" అని కూడా ఉంటుంది. అది మన తలుపు. అలాగే 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలి. మన కార్పొరేటర్ ఎవరో తెలుసుకోవడం కూడా సిలబస్‌లో భాగమే అనుకోండి.

మూడో పాఠం: కొండ మీద మనం ఒక్కళ్లమే కాదు

మేకలు తోలుకొచ్చే తాత ఉన్నాడు. కట్టెలు తెచ్చుకునే ఆడవాళ్లున్నారు. పొద్దున నడిచే రిటైర్డ్ మాస్టార్లున్నారు. వాళ్లను అడక్కుండా వేసిన గీత ఎంత అందంగా ఉన్నా అన్యాయమే. మేం అడిగాం. తాత అన్నది ఒక్కటే మాట: "మీ సైకిళ్లతో నాకు గొడవ లేదు బాబూ, ప్లాట్లు పడితేనే నా మేకలు ఎక్కడికి పోవాలి?" ట్రైల్ కోసం అడిగితే ఆయన బాట కూడా మ్యాపులోకి వస్తుందని అప్పుడు అర్థమైంది.

ఇంగ్లండ్‌లో దీనికి ఓ పాత పద్ధతి ఉంది. 1968 కంట్రీసైడ్ చట్టం గుర్రపు బాటల మీద సైకిల్‌ను అనుమతించింది, కానీ నడిచేవాళ్లకు, గుర్రాలకు దారివ్వాలని షరతు పెట్టింది. మనమూ అదే రాసుకోవచ్చు. మనుషులు, మేకలు ముందు, సైకిల్ తర్వాత. బాటలు కలిసేచోట మలుపు పెట్టి వేగం తగ్గించాలి, ఎదుటివాళ్లు దూరం నుంచే కనపడాలి.

దరఖాస్తులో ఏముండాలి

రెండు పేజీలు చాలు. మొదటి పేజీలో సర్వే నంబర్లు, గుట్ట మ్యాపు, మేం కొలిచిన బాట గీత, దాని పొడవు, సగటు వాలు, నీళ్లు ఎక్కడెక్కడ పక్కకు పోతాయో గుర్తులు. రెండో పేజీలో మూడు విషయాలు. ఇప్పుడు ఆ బాటలు ఎవరు వాడుతున్నారు, వాళ్ల సంతకాలు లేదా వేలిముద్రలు. మన కోరిక ఏమిటి, అంటే ఆ ప్రాంతాన్ని పసుపు నుంచి పార్కులు, ఖాళీ స్థలాల ఆకుపచ్చకు మార్చి బాటలను గీతలుగా చూపించమని. ఇక మూడోది, ప్రతి వానాకాలం ముందు, తర్వాత ఆ బాటను ఎవరు బాగుచేస్తారన్నది.

ఈ మూడోదే అసలైనది. ఏ ఆఫీసరైనా మనసులో అనుకునేది "వీళ్లు నాలుగేళ్లలో పాసై పోతారు, తర్వాత ఎవరు?" అని. న్యాయమైన అనుమానమే. కాబట్టి మన పేర్లు కాదు, ఎన్నెస్సెస్ యూనిట్, సివిల్ డిపార్ట్‌మెంట్ పేర్లు ఉండాలి. ప్రతి బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌కు పారలు, లెవెల్ రీడింగుల పుస్తకం అప్పగించాలి.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను పైన సోలార్ కప్పుతో తెరిచారు. సైకిల్‌కు ప్లాన్‌లో చోటు దొరకదు అనే మాట ఇక చెల్లదు. మనం అడిగేదానికి కాంక్రీటూ వద్దు, కప్పూ వద్దు. కొన్ని పారలు, ఒక ఆటో లెవెల్, మ్యాపు మీద ఒక సన్నని గీత.

మా ఊరి గడువుకు ఇంకా మూడు వారాలుంది. లెవెల్ పట్టేవాళ్లు ఇద్దరు, మ్యాపు గీసేవాళ్లు ఒకరు, తెలుగులో మంచి అర్జీ రాయగల వాళ్లు ఒకరు కావాలి. చివరిదానికి ఈ పత్రిక పాఠకుల కంటే తగినవాళ్లు కాలేజీలో ఎవరున్నారు? మీ ఊళ్లోనూ ఒక గుట్ట ఉండే ఉంటుంది. డ్రాఫ్ట్ ప్లాన్ తెరిచి అది ఏ రంగులో ఉందో చూడండి.