చిరుత వేళలు, మన పని వేళలు

తమిళనాడులోని తిరుత్తణి నుంచి నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి పోతుంటే కొండలు వెంటే వస్తాయి. వాటి కింద చెరుకు కొట్టేవాళ్లు, మేకలు మేపేవాళ్లు, తెల్లారకముందే పాల క్యాన్లు మోసేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి బండి మీద ఇల్లు చేరేవాళ్లు ఉన్నారు. ‘చిరుత తిరుగుతోందంట’ అని కబురొచ్చినా వీళ్లు పని మానుకుని ఇంట్లో కూర్చోలేరు. ఈ జాగ్రత్తలు వాళ్ల కోసమే.

2023 జూన్‌లో తిరుమలకు పోయే అలిపిరి నడకదారిలో మూడేళ్ల పిల్లాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. జనం కేకలకు వదిలేయడంతో బతికాడు. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత బోనుల్లో ఒకదాని వెనక ఒకటి చిరుతలు పడ్డాయి. అయినా తిరుపతి చుట్టుపక్కల అవి కనబడుతూనే ఉన్నాయి. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2000 తర్వాతి తొలి ఏళ్లలో చిరుతల్ని పట్టి వేరే అడవుల్లో వదిలితే, మనుషుల మీద దాడులు తగ్గకపోగా పెరిగాయి. దాని పక్కనే ఉన్న అకోలే చెరుకు పల్లెల్లో చిరుతలు పొలాల్లోనే కాపురముంటున్నా, పరిశోధకులు గమనించిన కాలంలో ఒక్క మనిషి ప్రాణమూ పోలేదు. కాబట్టి బోను ఒక్కటే మనల్ని కాపాడదు.

తిరుమలలో దేవస్థానం చేసిన మార్పుల్లో మనం నేర్చుకోవాల్సింది ఉంది. పిల్లలతో నడిచేవాళ్లను మధ్యాహ్నం 2 తర్వాత ఆపారు. ఘాట్ రోడ్డులో బైకులను ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే వదిలారు. గుంపుగా నడవమన్నారు, చేతికి కర్ర ఇచ్చారు, దుకాణాల చెత్త దారి పక్కన పడేయొద్దన్నారు. చిరుత ఎక్కువగా తిరిగేది పొద్దుగూకాక, తెల్లవారకముందు. మనం మార్చుకోగలిగింది ఆ వేళల్లో చేసే పనులనే.

చెరుకు తోటలో

తెల్లగా తెల్లవారాకే కత్తి పట్టండి. దిగేముందు డబ్బా వాయించి, కేకలు వేసి కాసేపు ఆగండి. లోపల ఏదైనా ఉంటే పోవడానికి ఒక పక్క ఖాళీగా వదలండి, నాలుగు వైపులా చుట్టుముట్టకండి. చంటిపిల్లల్ని గట్టు మీద ఒంటరిగా పడుకోబెట్టకండి. వంగి ఉన్న మనిషి, కూర్చున్న మనిషి చిరుత కంటికి చిన్న జంతువులా కనబడే ప్రమాదముంది. అందుకే బహిర్భూమికి చీకట్లో ఒంటరిగా పోవద్దు, ఇంకొకరు టార్చి పట్టుకుని నిలబడాలి.

తోటలో కూనలు కనబడితే ముట్టుకోవద్దు, ఫోటోల కోసం చేతుల్లోకి తీసుకోవద్దు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ కోత ఆపి అటవీ శాఖకు చెప్పండి. జున్నర్ వైపు అటవీ సిబ్బంది ఇలాంటి కూనల్ని సాయంత్రం దొరికిన చోటే పెట్టెలో ఉంచుతారు. రాత్రి తల్లి వచ్చి నోట కరచుకుని పోతుంది. సగం రోజు కూలి పోయిందని మేస్త్రీ గొణిగినా సరే, కూనలు పోయిన తల్లి ఆ తోట చుట్టూ తిరగడం కంటే అదే నయం.

అడుగుజాడ కనబడితే గోళ్ల గుర్తులు చూడండి. కుక్క అడుగులో వేళ్ల ముందు గోళ్ల గుర్తు పడుతుంది. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి జాడ గుండ్రంగా, గోరు గుర్తు లేకుండా ఉంటుంది. దాని మీద ఒక తట్ట బోర్లించి, ఫారెస్టు వాళ్లు వచ్చేదాకా తొక్కకుండా చూడండి.

దొడ్డి దగ్గర

మేకల దొడ్డికి గోడ ఉంటే చాలదు, చిరుత ఎక్కగలదు. పైన కూడా ఇనుప జాలీ వేయాలి, తలుపు కింద సందు ఉండకూడదు. కుక్కను రాత్రి బయట కట్టేస్తే అది చిరుతకు ఎర. కోడి వ్యర్థాలు, హోటల్ ఎంగిళ్లు ఊరి చివర పోస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది.

మేక పోతే కళేబరాన్ని కదపకుండా ఫోటో తీసి, ఫారెస్టు రేంజి ఆఫీసుకు, గ్రామ పరిపాలన అధికారికి (వీఏఓ) అదే రోజు చెప్పండి. పరిహారానికి అధికారుల పరిశీలన, పశువైద్యుడి ధ్రువపత్రం అవసరమవుతాయి. కోపంతో విషం పెడితే మాత్రం జైలే. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చిరుత ఉంది, చంపితే కనీసం మూడేళ్ల శిక్ష.

ఎదురుపడితే

పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ, దాని మీంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. రాత్రి నడిచేవాళ్లు ఫోన్లో పాట పెద్దగా పెట్టుకుని, టార్చి వేసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి పోవాలి. బండి మీద ఉంటే లైటు ఆర్పకుండా, వీడియో కోసం ఆగకుండా ముందుకు పోండి. చిరుత ఇంట్లోనో షెడ్డులోనో దూరితే బయట నుంచి తలుపు వేసి, జనాన్ని దూరంగా పంపి 112కి ఫోన్ చేయండి. గోరు గీసుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో పావుగంట ధారగా నీళ్లు పోసి కడిగి, ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా, టెటనస్ సూది వేయించుకోండి.

యజమానిని అడగాల్సినవి

కూలీలు ఎంత జాగ్రత్తపడినా పని వేళలు పెట్టేది యజమానే. కోత ఆరింటికి ముందు మొదలుపెట్టొద్దని, చేలో పడుకునేవాళ్లకు తలుపున్న గది, దీపం, మరుగుదొడ్డి ఇవ్వాలని, రాత్రి షిఫ్టు వాళ్లను వ్యానులో ఊళ్లో దింపాలని పనికి ఒప్పుకునేటప్పుడే అడగండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, గుంపంతా కలిసి అడగండి. వీధి దీపాలు, చెత్త తొట్లు పంచాయతీ పని. తమిళనాడులో మే 1న కూడా గ్రామసభ జరుగుతుంది. ఆ రోజు వెళ్లి, ఏ మలుపులో దీపం లేదో, ఏ మూల ఎంగిళ్లు పోస్తున్నారో పేరుపేరునా చెప్పి తీర్మానంలో రాయించండి.