పనిచేస్తే కంప్యూటర్ అరిగిపోతుందా?

మా తళవాయిపురంలో నైటీలు కుట్టే చోట్లు చాలా ఉన్నాయి. మా చిన్నాయన దగ్గర ఒక కంప్యూటర్ ఉంది. పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి పదింటి దాకా, అంటే రోజుకు 14 గంటలు నడుస్తుంది. పోయిన వేసవిలో అది మాటిమాటికీ తనంతట తానే ఆగిపోసాగింది. "పనిచేసి పనిచేసి అరిగిపోయిందమ్మా, ఇక కొత్తది కొనాల్సిందే" అన్నాడు చిన్నాయన. నాకు దిగులు పట్టుకుంది. మా అవ్వ పాడిన పెళ్లిపాటలు నేను రికార్డు చేసి దాచింది అందులోనే. అవ్వ ఇప్పుడు లేదు.

అందుకే కొంత చదివి తెలుసుకున్నాను. కంప్యూటర్‌లో కుట్టుమిషన్‌లాగా అరిగేవి కదిలే భాగాలే: ఫ్యాను, పాతరకం హార్డ్ డిస్కు. ప్రాసెసర్‌లో కదిలేదేమీ లేదు. ఎస్‌ఎస్‌డికి మాత్రం రాతకు ఒక లెక్క ఉంటుంది. 250 జీబీ ఎస్‌ఎస్‌డి మీద 150 టీబీ దాకా రాయొచ్చని కొన్ని కంపెనీలు హామీ ఇస్తాయి. రోజుకు 20 జీబీ రాసినా 7,500 రోజులు, అంటే 20 ఏళ్లు!

మరి పాడు చేసేది ఏది? ముఖ్యంగా వేడి. మదర్‌బోర్డులో, పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉంటాయి. కొన్నిటిలో ఉండే ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. 10 డిగ్రీల వేడి తగ్గితే వాటి ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు వస్తుంది. రోజుకు 14 గంటల చొప్పున మొదటిది మూడేళ్లు, రెండోది ఆరేళ్లు. పని అదే, గంటలూ అవే. వేడి ఒక్కటే తేడా.

చిన్నాయన, నేను ప్లగ్గు తీసేసి పెట్టె విప్పి చూశాం. ఫ్యాను కింద గుడ్డల నూగు దుప్పటిలా పేరుకుని ఉంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తనను కాపాడుకోడానికే ఆగిపోతోందన్నమాట. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో నూగు తీశాం. ఆ తర్వాత మళ్లీ ఆగలేదు.

అయినా నా దిగులు పూర్తిగా పోలేదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా హార్డ్ డిస్కులను పరిశీలించి 2007లో ఒక వ్యాసం వెలువరించారు. ఎక్కువ పని వల్ల డిస్కులు త్వరగా పోతాయన్నది మరీ కొత్తవాటిలో, మరీ పాతవాటిలో తప్ప అంతగా కనిపించలేదట. కానీ చెడిపోయినవాటిలో సగానికి పైగా డిస్కుల్లో ముఖ్యమైన నాలుగు హెచ్చరిక గుర్తులలో ఒక్కటీ కనిపించలేదు! అంటే డిస్కు చెప్పకుండానే పోవచ్చు.

కాబట్టి కంప్యూటర్‌ను గోడకు ఆనించి పెట్టకండి. నడుస్తుండగా ప్లాస్టిక్ కవరు కప్పకండి. మూడు నెలలకోసారి దుమ్ము తీయండి. మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర సేకరించిన పాటలు, సామెతలు ఉంటే ఇంకో రెండు చోట్ల దాచండి. అవ్వ పాటలు నేను ఆ సాయంత్రమే ఒక పెన్‌డ్రైవ్‌లోకి, మా అక్క ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను.