ఎక్స్‌పార్టీ డిక్రీ: జడ్జి ముందు అడిగేది పొలం గురించి కాదు

మిరప పెట్టుబడికి అప్పు తెచ్చి, హామీగా పొలం మీద విక్రయ అగ్రిమెంటు రాసివ్వడం పల్నాటి నుంచి పర్చూరు దాకా కొత్తేమీ కాదు. పంట దెబ్బతింటే అప్పు తీరదు. ఇచ్చినాయన ఆ అగ్రిమెంటుతోనే దావా వేస్తాడు. సమన్లు వస్తాయి. కోతల హడావుడిలోనో, పెద్దమనుషుల్లో తేల్చుకుందామన్నాడు కదా అన్న ధీమాతోనో రైతు వాయిదాకి వెళ్లడు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే ఏకపక్ష తీర్పు, అయిపోతుంది. చాలామందికి ఆ సంగతి డిక్రీ అమలుకు వేసే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) నోటీసు చేతికొచ్చాక గాని తెలియదు.

అప్పుడు లాయరు దగ్గరికి పరుగెత్తి చెప్పే మొదటి మాట, ‘పొలం మా తాతల నాటిదండీ, నేనమ్మలేదు’ అని. నిజమే కావచ్చు. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద డిక్రీ రద్దు చేయమని వేసే పిటిషన్‌లో జడ్జి చూసేవి రెండే: సమన్లు సరిగా అందాయా? అందితే, ఆ వాయిదాకి రాలేకపోవడానికి తగిన కారణం ఉందా? పొలం ఎవరిదన్న వాదన డిక్రీ రద్దయ్యాకే.

అందుకే ముందు కోర్టు ఫైల్లోని సమన్ల రిపోర్టుకు నకలు తీయించండి. సంతకం ఎవరిది? మీరు ఇంట్లో లేనప్పుడు మీతో ఉండే కుటుంబసభ్యుల్లో మేజర్లెవరైనా, కోడలైనా సరే, తీసుకుంటే చెల్లుతుంది. పాలేరు తీసుకుంటే చెల్లదు. తలుపుకు అంటించామని రాశారా, ఏ ఇంటి తలుపు? మీరు చిలకలూరిపేటలో కాపురముంటే ఊళ్లో ఖాళీగా పడున్న పాతింటికి అంటించారంటే అది గట్టి పాయింటే. అయితే వాయిదా తేదీ మీకు ముందే తెలుసని, రావడానికి వ్యవధి కూడా ఉందని తేలితే మాత్రం సమన్లలో లోపాలు వెతికి లాభం లేదు.

ఈ పిటిషన్ వేయడానికి గడువు 30 రోజులు. డిక్రీ తేదీ నుంచి లెక్క. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. పేపర్లో ప్రకటన వేయించినంత మాత్రాన, ఈ గడువు లెక్కకు సమన్లు అందినట్టు కాదు. ఈ ముక్క మీ లాయరుకు గుర్తు చేసినా తప్పులేదు. గడువు దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషన్ జతచేయాలి.

ఎంత ఆలస్యాన్ని మన్నిస్తారు? 1998లో తమిళనాడు ఆస్తి కేసులో 883 రోజుల ఆలస్యాన్ని సుప్రీంకోర్టు మన్నించింది. నమ్ముకున్న వకీలు పట్టించుకోలేదని ప్రతివాది ఇచ్చిన సంజాయిషీ నమ్మేలా ఉందంది, ఖర్చుల కింద 10 వేలు కట్టమంది. 2011లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన భూమి కేసులో, ప్రభుత్వ పక్షాన జరిగిన 883, 3,703 రోజుల ఆలస్యాలను హైకోర్టు మన్నిస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చిత్రంగా రెండింట్లోనూ అదే 883. అంటే చూసేది రోజుల లెక్క కాదు, సంజాయిషీ. అందుకే ‘ఒంట్లో బాగాలేదు’ అని ఒక్క ముక్క రాసి సరిపెట్టకండి. ఆ తేదీ ఉన్న ఆసుపత్రి చీటీ పెట్టండి.

పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు. స్టే విడిగా అడగాలి. 13వ రూలు పిటిషన్ కొట్టేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 43వ ఆర్డరు కింద అప్పీలు ఉంది. డిక్రీ మీద నేరుగా అదే కోడ్ 96వ సెక్షన్ అప్పీలూ వేయొచ్చు గానీ, ఆ అప్పీలు ముందు తేలిపోతే 13వ రూలు పిటిషన్‌కు ఇక తావుండదు. లాయరు ఫీజుకు చేతిలో డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.